గుణమని తీర్పు చెప్పేముందు నాలుగు వారాలు ఆగండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పేపర్లో ప్రకాశం జిల్లా పేజీ రోజూ చదువుతాను. ఈ మధ్య మద్యం మీద మీరు వరసగా వేసిన వార్తలు చూసి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. తాగేవాడికి గుణం ముందే ఉండదని, ఆ గుణం వల్లే తాగి పెళ్ళాం పిల్లల్ని ఏడిపిస్తాడని, ఇప్పుడు డిప్రెషన్ అని కొత్తగా ఇంకో సాకు దొరికిందని ఆయన రాసిన దాని సారాంశం. ఆయన అంత కోపంగా రాశారంటే ఆ ఇంట్లో ఏం చూశారో ఏమో, ఆ కోపాన్ని నేను కాదనను. కానీ ఆ మాట మాత్రం తప్పు, దాన్ని అలా వదిలేస్తే మా జిల్లాలో చాలా ఇళ్ళకు నష్టం జరుగుతుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, చోటు చాలకపోతే రెండు రోజులుగా వేయండి, కోయకండి.

నేను చెప్పదలుచుకుంది ఒకటే. రోజూ తాగే మనిషిలో మనకు కనపడే కోపం, అబద్ధాలు, అనుమానం, తెల్లవారుజాము ఏడుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఇందులో ఎంత అతనిది ఎంత మందుది అనేది అతను తాగుతున్నంతకాలం ఎవరూ తేల్చలేరు. ఊరి పెద్దమనుషులు తేల్చలేరు, అత్తామామలు తేల్చలేరు, మంచి సైకియాట్రిస్టు అయితే తనూ తేల్చడు, ముందు మందు ఆపించి, వారాలు గడవనిచ్చి, అప్పుడు చూస్తాడు. మనం మాత్రం మొదటి రోజే తేల్చేస్తాం, "వాడి గుణమే అంత, ఎట్టా పుట్టినోడు అట్టానే పోతాడు" అని.

మాది కొండపి వైపు పల్లె. మా తమ్ముడు పొగాకు రైతు. వాడు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను. చిన్నప్పటి నుంచి నెమ్మదస్తుడు, పది మందిలో గట్టిగా మాట్లాడి ఎరగడు, మా అమ్మకు కాళ్ళు వాస్తే రోజూ పడుకునే ముందు కాపడం పెట్టింది వాడే, ఆడపిల్లలమైన మేం కాదు. బ్యారన్, అంటే పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం, కాల్చే రోజుల్లో రాత్రంతా మేలుకుని మంట చూసుకోవాలి, వేడి కాస్త అటూ ఇటూ అయిందంటే ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది. ఆ మేలుకునే రాత్రుల్లో కూలీలతో కలిసి చలికని తాగుడు మొదలైంది. తర్వాత వేలం కేంద్రంలో బేళ్ళు కొనేవాడు లేక నోబిడ్ అయి తిరిగొచ్చిన ఏడాది, కౌలుకి తెచ్చిన అప్పు మీద పడిన ఏడాది, బ్యారన్ సీజన్ అయిపోయినా ఆగలేదు. సాయంత్రం తాగేవాడు మధ్యాహ్నానికి, మధ్యాహ్నం తాగేవాడు పొద్దునకి వచ్చాడు. పొద్దున తాగకపోతే చెయ్యి వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోయేవాడు.

అప్పుడొచ్చింది అనుమానం. మా మరదలు గ్రేడింగ్ పనికి పోతుంది. ఆకు రంగుని బట్టి వేరుచేసి కట్టలు కట్టే పని, షెడ్డులో ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు, మగవాడు అంటే ఒక్క మేస్త్రీ. వాడు ఆ షెడ్డు గేటు ఎదురుగా వేపచెట్టు కింద బండి ఆపి గంటల తరబడి కూర్చునేవాడు. ఎవరు బయటికొచ్చారు, ఎవరితో మాట్లాడింది, అన్నం టైములో ఎటు తిరిగి కూర్చుంది, ఇదే లెక్క. ఇంటికొచ్చాక ఆమె ఫోన్ తీసి ప్రతి నంబరుకూ చేసి "ఎవర్రా నువ్వు" అని అడిగేవాడు. ఒకసారి అట్లా గ్యాస్ బండి వేసే కుర్రాడికి చేశాడు, ఒకసారి మా పెద్దమ్మ కొడుక్కే చేశాడు. పెళ్ళయి పదేళ్ళు ఒక్కనాడు ఆమెను "ఏమే" అని కూడా పిలవని మనిషి. తాగుడు ముదిరిన మగవాళ్ళలో భార్య మీద ఇలాంటి అనుమానం పుట్టడం డాక్టర్లు ఎప్పట్నుంచో రాసిపెట్టుకున్న విషయమేనట, ఎక్కువకాలం తాగితే మగతనం దెబ్బతింటుంది, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక ఆ భయం అనుమానంగా తిరగబడటం కూడా అందులో ఒక భాగమని మాకు ఆసుపత్రిలో విడమర్చి చెప్పారు. ఊళ్ళో మాత్రం రెండే మాటలు. ఒకటి, వాడికి గుణం చెడింది. రెండోది ఇంకా ఘోరం, ఏమీ లేకుండానే అనుమానిస్తాడా అని.

ఇంకో పక్క ఏడుపు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అరుగు మీద కూర్చుని ఏడ్చేవాడు. చేను మీద ధ్యాస లేదు, పిల్లకి జ్వరమొచ్చినా లేచి చూడడు, అన్నం సయించదు, "నేనుండి ఎవరికి ఉపయోగం అక్కా" అనేవాడు. చుట్టాలేమో తాగింది దిగక ఏడుస్తున్నాడని తేల్చారు. కొంచెం చదువుకున్నవాళ్ళేమో వాడికి డిప్రెషన్, అందుకే తాగుతున్నాడు, ఆ డిప్రెషన్ తగ్గితే అదే మానేస్తాడన్నారు. ఇద్దరూ సగం సగం చెప్పారు.

మద్యం నరాలను నెమ్మది చేసే పదార్థం. తాగిన గంటో రెండు గంటలో హాయిగా ఉంటుంది, అది నిజమే, లేకపోతే ఎవరూ తాగరు. కానీ రోజూ తాగేవాడి మెదడు ఆ నెమ్మదికి ఎదురు నిలబడటం నేర్చుకుంటుంది. బండికి బ్రేకు తొక్కే ఉంచుతున్నారని యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కడం అలవాటు చేసుకున్నట్టు. బ్రేకు ఒక్కసారి తీసేస్తే ఏమవుతుందో అదే మందు దిగేటప్పుడు అవుతుంది, గుండెదడ, వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, టెన్షన్, ఏదో జరిగిపోతుందన్న భయం, చెప్పలేని దిగులు. నాలుగింటికి లేచి ఏడవడం వెనక ఇది చాలావరకు ఉంటుంది. ఆ దిగులు పోవడానికి మళ్ళీ తాగుతాడు, పొద్దున మళ్ళీ దిగులు. కాబట్టి తాగుడు ఆగకుండా దిగులు తగ్గదు, దిగులుకు మందులు రాసిచ్చినా తాగుడు నడుస్తున్నంతకాలం అవి సరిగ్గా పనిచేయవు.

1988లో అమెరికాలో శాన్ డియేగోలో బ్రౌన్, షుకిట్ అనే ఇద్దరు పరిశోధకులు తాగుడు మానడానికి ఆసుపత్రిలో చేరిన మగవాళ్ళను వారం వారం పరీక్షించారు. చేరిన మొదట్లో 42 శాతం మందిలో డిప్రెషన్ గట్టిగా కనపడింది. తాగకుండా నాలుగు వారాలు గడిచేసరికి అది 6 శాతానికి దిగింది. ఈ రెండు అంకెలు దయచేసి గుర్తుపెట్టుకోండి. దిగులుతో కుప్పకూలిన మనుషుల్లో ఎక్కువమందికి ఆ దిగులు మందు ఇచ్చిందే, మందుతో పాటే పోయింది. మిగిలిన ఆ కొద్దిమందికి మాత్రం డిప్రెషన్ విడిగా ఉంది, దానికి విడిగా వైద్యం కావాలి, అది సాకు కాదు. మా తమ్ముడు ఆ కొద్దిమందిలో ఉన్నాడు. మానాక ఏడుపు తగ్గింది, అనుమానం దాదాపు పోయింది, కానీ ఆ "నేనెందుకు" అనే మాట పోలేదు. అప్పుడు డాక్టరు గారు దానికి మాత్రలు మొదలుపెట్టారు. ముందే పెట్టి ఉంటే ఏది దేనివల్ల తగ్గిందో తెలిసేది కాదని చెప్పారు.

నాలుగు వారాలు ఆగమన్నాను కదా అని చచ్చిపోతానన్న మాటను కూడా నాలుగు వారాలు పక్కన పెట్టకండి. ఆ మాట మందు పుట్టించిన దిగులులోంచి వచ్చినా ప్రాణం పోవడానికి అదే చాలు. తాగి ఉన్నప్పుడు భయం తగ్గుతుంది, చేతికి పురుగుమందు డబ్బా దొరికే ఇళ్ళు మనవి. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ నేర రికార్డుల బ్యూరో లెక్క, అందులో 6.8 శాతానికి కారణం మద్యం, మత్తు పదార్థాలని రాసుంది. కుటుంబ సమస్యలు అని రాసింది 31.7 శాతం. ఆ కుటుంబ సమస్యల వెనక ఎన్నిచోట్ల సీసా ఉందో ఏ కాగితం మీదా ఉండదు, ఊళ్ళలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఆ మాట ఎవరి నోట వచ్చినా తాగి ఉన్నాడా లేదా అని చూడకుండా పురుగుమందులు ఇంట్లోంచి తీసేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇక గుణం సంగతి. పుట్టుకతో ఏమీ ఉండదని నేను అనను. తండ్రి తాగుబోతు అయితే కొడుక్కి ప్రమాదం ఎక్కువ. పుట్టగానే దత్తత వెళ్ళి వేరే ఇళ్ళలో పెరిగిన మగపిల్లలను డెన్మార్క్‌లో 1970ల్లో చూస్తే కన్నతండ్రికి తాగుడు జబ్బు ఉన్నవాళ్ళలో ఆ జబ్బు మిగతావాళ్ళ కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ కనపడింది, పెంచిన ఇంట్లో తాగుడు లేకపోయినా సరే. తొందరపాటు, దుడుకుతనం చిన్నప్పటి నుంచీ ఉన్నవాళ్ళు, ఊరికే భయపడేవాళ్ళు, చిన్నతనంలో దెబ్బలు తిన్నవాళ్ళు త్వరగా ఇందులో పడతారు. ఆడవాళ్ళలో దిగులు ముందొచ్చి తాగుడు తర్వాత రావడం మగవాళ్ళకంటే ఎక్కువ, మన దగ్గర తాగే ఆడవాళ్ళ సంగతి ఎవరూ నోరెత్తరు కాబట్టి వాళ్ళకు వైద్యం ఇంకా దూరం. కానీ ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవి, అంతే. అమెరికాలో హార్వర్డ్‌కు చెందిన జార్జ్ వాలియంట్ అనే సైకియాట్రిస్టు వందలమంది మగవాళ్ళను కుర్రతనం నుంచి ముసలితనం దాకా, దశాబ్దాల తరబడి చూసిన లెక్కలు పరిశీలించి చెప్పింది ఏమంటే, తాగుబోతుల్లో మనం చూసే చెడ్డ లక్షణాలు చాలావరకు తాగుడు తర్వాత వచ్చినవేనని, ముందు నుంచీ ఉన్నవి కావని. ఇలాంటివాడే తాగుబోతు అవుతాడని గీత గీసి చూపించగల ఒక గుణం ఎవరికీ దొరకలేదు. మా ఊళ్ళో చూసుకున్నా అంతే, తాగి పాడైనవాళ్ళలో గుళ్ళో భజన చేసినవాడున్నాడు, మొదటి నుంచీ రౌడీ వేషాలు వేసినవాడున్నాడు, నోట్లో నాలుక లేని మా తమ్ముడున్నాడు.

ఇప్పుడు మన దగ్గర నడిచే వైద్యాల గురించి చెప్పాలి, నాకు ఎక్కువ బాధ ఇక్కడే.

మొదటిది ఒట్టు. పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. అది తప్పితే పిల్లకు ఏమవుతుందోనన్న భయం కూడా తోడై ఇంకా తాగుతాడు. రెండోది పెళ్ళి. తాగుతున్నాడని తెలిసి, పెళ్ళి చేస్తే దారికొస్తాడని ఎక్కడో ఉదయగిరి వైపో కనిగిరి వైపో బీద ఇంటి పిల్లను తెచ్చి కట్టబెడతారు. ఆ పిల్లది కాని జబ్బుకు ఆ పిల్లను మందుగా వాడటం ఇది. తర్వాత వాడు మారకపోతే ఆమె చేతకానితనం అంటారు. పిల్లలు పుడితే మారతాడంటారు, మగపిల్లాడు పుడితే మారతాడంటారు. ఇలా అనే పెద్దవాళ్ళను చేతులెత్తి అడుగుతున్నాను, ఆపండి.

మూడోది మాల. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్ళను మనమందరం చూశాం. మాల మీద నాకు భక్తి ఉంది. కొందరికి ఆ దీక్షే మానడానికి మొదటి మెట్టు అయింది కూడా. కానీ దాన్ని చూపించి, "చూశారా, మానాలనుకుంటే మానగలడు, మాల తీసిన రోజే మొదలుపెట్టాడంటే కొవ్వు" అని తీర్మానిస్తారే, అక్కడ పొరపాటు జరుగుతోంది. ఆ 41 రోజులు చుట్టూ స్వాములు, పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, ఒక పూట భోజనం, పిలిచే పిలుపు దగ్గర్నుంచి మర్యాద. మాల తీయగానే పాత అప్పు, పాత స్నేహితులు, పాత పిలుపు. ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పరు. పొద్దున లేవగానే తాగేంత అలవాటు ఉన్నవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్లు రావచ్చు, రెండో మూడో రోజుకి లేనివి కనపడటం, ఎవరో వస్తున్నారని పరిగెత్తడం, ఊరు పేరు మర్చిపోవడం రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. దాన్ని చూసి గాలి సోకిందంటారు. ఏఎస్ పేట దర్గాకు మా వైపు నుంచి పోయేవాళ్ళు ఎంతోమంది, పోండి, మొక్కుకోండి, ఎవరి నమ్మకం వాళ్ళది, కానీ అది ఆసుపత్రి తర్వాత. ఊళ్ళో డాక్టరు చేత గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే దిగిపోతుందనుకోవడం కూడా మానాలి. ఎక్కువకాలం తాగినవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది, ముందు అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలవచ్చు. పెద్దాసుపత్రిలో ఆ ఇంజెక్షన్ ముందు ఇస్తారు, వణుకుకు ఫిట్లకు మాత్రలు ఇచ్చి రోజు రోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. వారం పది రోజుల పని.

నాలుగోది పొడి. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద "అతనికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం" అని కాగితాలు చూస్తూనే ఉంటారు. ఆ పొడుల్లో ఏం ఉంటుందో అమ్మేవాడికే తెలియాలి. అది కాక, మందుల షాపులో డైసల్ఫిరామ్ మాత్ర కొనుక్కొచ్చి పప్పులో కలిపి పెట్టే ఇళ్ళు నాకు తెలుసు. ఆ మాత్ర మంచిదే, డాక్టరు చెప్పి, మనిషి ఒప్పుకుని, దాని మీద తాగితే ఏమవుతుందో తెలిసి వేసుకుంటే. తెలియకుండా పెడితే సాయంత్రం ఎప్పటిలాగే తాగుతాడు, మొహం ఎర్రగా కమిలిపోయి, గుండె అదిరిపోయి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండె జబ్బు ఉన్నవాడైతే అక్కడికక్కడే పోవచ్చు. మా మరదలికి కూడా ఒకామె ఆ సలహా చెప్పింది, చెప్పినామె మంచి మనసుతోనే చెప్పింది. మరదలు అడిగిన మాట ఒక్కటే, "వదినా, రేపు ఆయనకు తెలిస్తే నా చేతి అన్నం మళ్ళీ తింటాడా?" అప్పటికే అనుమానంతో ఉన్న మనిషికి అన్నంలో మందు కలిపి పెట్టారని తెలిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఇక సంబంధాలు. తాగేవాడి గుణం మారిందని అందరూ అంటారు, ఆ ఇంట్లో మిగతావాళ్ళ గుణం ఎంత మారిపోయిందో ఎవరూ చూడరు. మా మరదలు అబద్ధాలు చెప్పడం నేర్చుకుంది, ఆయనకు జ్వరమని, ఊళ్ళో లేరని, ఫోన్ పోయిందని. మెట్టినింటి పరువు కాపాడటానికి చెప్పిన అబద్ధాలు అవి. పెద్ద పిల్ల ఏడో తరగతికే ఇంటి పెద్ద అయింది. నాన్న గేటు తీసే చప్పుడును బట్టి ఎంత తాగాడో చెప్పేది, దాన్ని బట్టి తమ్ముణ్ణి పక్కింటికి పంపాలా వద్దా అని తేల్చేది. బడిలో టీచర్లు ఎంత బుద్ధిమంతురాలని మెచ్చుకునేవాళ్ళు. ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఆ పిల్లకి కూడా డాక్టరుతో మాట్లాడే అవసరం ఉంది, మేం మాట్లాడించాం.

ఒకటి గట్టిగా చెప్పాలి. జబ్బు అన్నాను కదా అని దెబ్బలు తినమని నేను ఏ ఆడపిల్లకీ చెప్పడం లేదు. కొట్టడం కొట్టడమే. 2005 గృహహింస చట్టం తాగినవాడికి వేరే లెక్క పెట్టలేదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చేయండి, ప్రాణం మీదికొస్తే 112 అత్యవసర నంబరుకి. పుట్టింటికి వచ్చిన పిల్లను "జబ్బు మనిషిని వదిలేసి వచ్చావా" అని వెనక్కి పంపకండి. దూరంగా ఉంటూ కూడా అతనికి వైద్యం చేయించవచ్చు, మా మరదలు కొన్నాళ్ళు అలాగే చేసింది, ఆ కొన్నాళ్ళే వాడు ఆసుపత్రికి ఒప్పుకోవడానికి కారణమైంది.

మానేశాక అన్నీ సర్దుకుంటాయని అనుకోవడం కూడా సరికాదు, అసలు గొడవలు కొన్ని అప్పుడే మొదలవుతాయి. మానిన కొన్నాళ్ళకు మా తమ్ముడు ఏటీఎం కార్డు అడిగాడు. ఇంటి లెక్కలు, పిల్లల ఫీజులు, డ్వాక్రా వాయిదాలు అన్నీ ఏళ్ళ తరబడి ఒంటి చేత్తో లాక్కొచ్చిన మనిషి ఆ కార్డు ఎట్టా ఇస్తుంది? వాడికేమో, ఇంత కష్టపడి మానినా నమ్మరా అని. ఆమెకేమో, ఎన్నిసార్లు నమ్మలేదు అని. ఇద్దరిదీ న్యాయమే. ఆసుపత్రిలో కౌన్సెలర్ ఇద్దర్నీ కూర్చోబెట్టి, మొదట వారం ఖర్చుకు సరిపడా డబ్బు వాడి చేతిలో పెట్టి, మిగిలింది లెక్క చూపించడం దగ్గర మొదలుపెట్టించారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా వాడికి చేతికి ఏం పని చెప్పాలో తెలిసేది కాదు. ఎప్పుడూ ఆ టైములో ఇంట్లో ఉండి ఎరగడు. పిల్లలు వాడి పక్కన కూర్చోవడానికే భయపడ్డారు. గేదె పాలు పితికే పని వాడు తీసుకున్నాడు, పాల కేంద్రానికి చిన్నవాణ్ణి వెంటేసుకుని పోవడం మొదలుపెట్టాడు. అట్లా వచ్చింది కొంచెం కొంచెంగా.

మధ్యలో ఒక పెళ్ళిలో మళ్ళీ తాగాడు. ఊరంతా "చెప్పలేదా" అంది. బీపీ, షుగరు మాత్రలు మానేసి మళ్ళీ పెరిగితే ఎవరూ గుణం గురించి మాట్లాడరు కదా. మానినవాళ్ళలో చాలామంది మొదటి ఏడాదిలో జారతారు, ఇది డాక్టర్లు ముందే చెప్పే సంగతి. జారిన రోజు తిట్టకుండా మర్నాడే ఆసుపత్రికి తీసుకుపోయిన ఇంట్లో అది ఒక రోజుతో ఆగవచ్చు. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలున్నాయి, ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్నవే, వీటి పేరు కూడా వినని ఇళ్ళు మా మండలంలో ఎన్నో. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు రోగులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ మన దేశంలోనూ ఉంది, డబ్బు తీసుకోరు, పేరు అడగరు, ఇంట్లోవాళ్ళకు అల్ అనాన్ అని వేరే ఉంది. మా వైపు పల్లెలకు ఇవి ఇంకా రావాలి.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట మాకేం దూరం కాదు. 1992లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా బండ్లను ఊళ్ళోకి రానివ్వలేదు, రోశమ్మ గారి పేరు దేశమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో అది సడలిపోయింది. వాళ్ళు చేసిన పనికి నేను ఈనాటికీ దణ్ణం పెడతాను, మా ఊరి ఆడవాళ్ళు కూడా ఆ రోజుల్లో చీపుళ్ళు పట్టుకుని రోడ్డెక్కినవాళ్ళే. కానీ దుకాణం మూయించడం గురించి మాట్లాడినంతగా, ఒళ్ళు అలవాటు పడిపోయిన మనుషులకు వైద్యం గురించి అప్పుడు మా ఊళ్ళో ఎవరూ మాట్లాడగా వినలేదు. 2024 అక్టోబరు 16 నుంచి కొత్త పాలసీలో 99 రూపాయలకే క్వార్టర్ వచ్చింది. ధర తగ్గించాలా పెంచాలా, దుకాణం సర్కారుదా ప్రైవేటుదా అని అసెంబ్లీ నుంచి రచ్చబండ దాకా కొట్టుకుంటారు, ఆ సీసా ఆపలేని మనిషి ఎక్కడికి పోవాలన్నది ఏ పార్టీ మాట్లాడదు. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో దేశంలో మద్యం సమస్యకు సాయం అవసరమైనవాళ్ళు 5.7 కోట్ల మంది ఉన్నారని, మద్యానికి పూర్తిగా అలవాటు పడినవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని తేలింది. ఆ మిగతా 37 మందికి కూడా గుణం లేదని రాసేద్దామా?

వైద్యం పేరుతో జరిగేదీ రాయాలి. మా చుట్టాల్లో ఒకతన్ని ఊరికి దూరంగా ఒక డీ అడిక్షన్ సెంటర్లో వేశారు, పేరు రాయను. ఇంట్లోవాళ్ళను కలవనివ్వలేదు, వణుకుతుంటే నటిస్తున్నావని కొట్టారు, రాత్రిళ్ళు కాలు మంచానికి కట్టేశారు. బయటికొచ్చిన వారానికే తాగాడు, ఈసారి డాక్టరు అన్న మాట వింటేనే పారిపోతున్నాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక జబ్బుల కిందికే వస్తాయి, రోగిని గొలుసులతో కట్టడం ఆ చట్టం నిషేధించింది, ఇలాంటి కేంద్రం నడపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ మనిషిని చేర్చే ముందు ఆ కాగితం చూపించమనండి, సైకియాట్రిస్టు రోజూ వస్తాడా అడగండి, మిమ్మల్ని కలవనివ్వరంటే అక్కడ చేర్చకండి. జిల్లా అధికారులు అలాంటి చోట్లకు చెప్పకుండా వెళ్ళి చూడాలి. ఏరియా ఆసుపత్రుల్లో వారానికి కొన్ని రోజులైనా సైకియాట్రిస్టు కూర్చోవాలి, పొగాకు సీజన్లో కూలి పోగొట్టుకుని ఒంగోలుకో నెల్లూరుకో పోయి రావడం ఒక్కసారి కుదురుతుంది, నెల నెలా కుదరదు.

సంపాదకుల వారూ, మిమ్మల్ని అడిగేది పెద్దది కాదు. "తాగుబోతు భర్త ఘాతుకం", "మద్యానికి బానిసై ఉరి" అని వార్త వేసిన ప్రతిసారీ దాని కిందే రెండు నంబర్లు వేయండి. 14416 టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు, తాగేవాడే చేయనక్కర్లేదు, భార్య చేయొచ్చు, అక్క చేయొచ్చు. రెండోది 14446, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. జిల్లా పేజీలో సినిమా టైమింగులు, పొగాకు రేట్లు వేసే చోటుకు పక్కన ఒక గడిలో పట్టే అక్షరాలు అవి. పొగాకు రేట్ల కోసం ఆ పేజీ మా ఇళ్ళలో మగవాళ్ళందరూ చూస్తారు.

ఇట్లు,
ఒక అక్క,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా